దేవత్వం ఇస్తరు, సమానత్వం ఇయ్యరు: మాతంగి విద్య, మాదిగ జోగిని

దశమహావిద్యల పేరు ఈమధ్య తెలుగునాట బాగా వినబడుతున్నది. గురువు చెవిలో చెప్తే తప్ప బయటికి రాకూడదన్న మంత్రాలను భక్తి చానెళ్లు మైకులో చదువుతున్నాయి. మాఘమాసంలో శ్యామలా నవరాత్రులు చేస్తున్నారు. కాళి, తార, త్రిపురసుందరి, భువనేశ్వరి, భైరవి, ఛిన్నమస్త, ధూమావతి, బగళాముఖి, మాతంగి, కమల - ఈ పది రూపాల్లో తొమ్మిదో ఆమె మాతంగి. తంత్ర గ్రంథాలు ఆమెను ఉచ్ఛిష్ట చండాలిని అని కూడా పిలుస్తాయి. మన మాటలో చెప్పాలంటే ఎంగిలి తినే అంటరాని ఆడమనిషి.

ఇంకోదిక్కు మనవాళ్లలో కూడా మాతంగి మీద ఒక ఉత్సాహం కనబడుతున్నది. "వాళ్ల పదిమంది దేవతల్లో ఒకామె మనామె. మన దేవతను వాళ్లు ఎత్తుకపోయిండ్రు, మళ్లీ మనం తెచ్చుకోవాలె" అనే వాదన ఇది. ఎత్తుకపోయిన మాట నిజమే కావొచ్చు. కానీ వెనక్కి తెచ్చుకుంటే మన చేతికి ఏమొస్తది అనే ప్రశ్న ముందు వేసుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మాదిగ ఆడమనిషిని దేవతను చేయటం ఈ సమాజానికి ఎప్పుడూ కష్టం కాలేదు. పక్కింటి మనిషిగా ఒప్పుకోవటమే కష్టమైంది. సమానత్వం అడిగినప్పుడల్లా బదులుగా చేతిలో పెట్టింది దేవత్వం. ఇది పుస్తకంలోనూ జరిగింది, ఊర్లోనూ జరిగింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పుస్తకంలో మాతంగి

మహావిద్యల పుట్టుక గురించి చెప్పే కథ అందరికీ తెలిసిందే. దక్షయజ్ఞానికి పోతానన్న సతిని శివుడు వద్దంటాడు. ఆమె ఉగ్రరూపం ఎత్తుతుంది. అతను పారిపోబోతే పది దిక్కుల్లో పది రూపాలై అడ్డం నిలబడుతుంది. మగని మాట కాదన్న ఆడదాని కోపం ఆ పది రూపాలు. ఇంతవరకు కథలో బలం ఉన్నది.

మాతంగి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. శక్తిసంగమ తంత్రం ప్రకారం, శివపార్వతులు, లక్ష్మీనారాయణులు కలిసి తింటుంటే కొన్ని మెతుకులు కింద పడతాయి. వాటిలోంచి ఒక పిల్ల లేచి, మీ ఎంగిలి నాకు పెట్టండి అని అడుగుతుంది. వాళ్లు పెడతారు. ఆమె ఉచ్ఛిష్ట మాతంగిని. అందుకే ఆమె పూజలో నియమాలన్నీ తలకిందులుగా ఉంటాయి. ఉపవాసం అక్కర్లేదు. చెయ్యి కడగకుండా, ఎంగిలి నోటితోనే జపం చేయాలి. నైవేద్యం కూడా ఎంగిలి అన్నమే. ఇంకే దేవత దగ్గరైనా మైల అనుకునేది ఇక్కడ పూజాద్రవ్యం.

ఆమెకే ఇంకో ముఖం ఉన్నది. రాజమాతంగి, శ్యామల అంటారు. చేతిలో వీణ, పక్కన చిలుక. లలితాదేవికి మంత్రిణి. కాళిదాసు రాశాడని చెప్పే శ్యామలా దండకం ఈమె మీదనే. 1960లో వచ్చిన ‘మహాకవి కాళిదాసు’ సినిమాలో ఘంటసాల పాడిన తర్వాత ఆ దండకం ఇంటింటికీ చేరింది. ఆ దండకం వింటూ చేతులు జోడించే ఇళ్లలో ఎన్నింటికి, మాతంగ కన్య అంటే ఏ కులం పిల్ల అన్న సంగతి తడుతుంది? మతంగ మహాముని కూతురు అని ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. ముని అన్న మాట తగిలించగానే వాడ మాయమవుతుంది.

వాక్కు, సంగీతం, విద్య మాతంగి అధీనంలో ఉంటాయని తాంత్రికులు చెప్తారు. అందుకే ఆమెను తాంత్రిక సరస్వతి అంటారు. నవీపేట్ మనిషిగా నాకు ఇక్కడ ఆగి ఆలోచించాలనిపిస్తది. మా ఊరి మీదుగా పోయే తోవ యంచ దగ్గర గోదావరి దాటి బాసరకు పోతుంది. బాసరలో జ్ఞానసరస్వతి ఉన్నది. పిల్లలకు పలక పట్టించి అక్షరాభ్యాసం చేయించటానికి రెండు మూడు రాష్ట్రాల నుంచి జనం అక్కడికి వస్తారు. ఆ సరస్వతికే తంత్రంలో ఉన్న రూపం మాతంగి అయితే, ఆ రూపానికి పేరిచ్చిన మనుషులకు తరతరాలుగా అక్షరం ఎందుకు అందలేదు? మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. నాకు ముందున్న వాళ్లకు చదువుల తల్లి తమ కులపు పేరుతో ఉన్నదన్న సంగతి కూడా తెలియదు. తెలిసినా పలక వచ్చేది కాదు.

ఎంగిలి ఎవరికి సాధన?

తంత్రాన్ని మెచ్చుకునేవాళ్లు చెప్పే వాదన ఒకటి ఉన్నది. తంత్రం కులాన్ని లెక్కచేయదు, మైల-మడి తేడాను తెంపేస్తుంది, కాబట్టి అది బ్రాహ్మణ ధర్మం మీద తిరుగుబాటు అంటారు. 1997లో దశమహావిద్యల మీద పుస్తకం రాసిన డేవిడ్ కిన్స్లీ లాంటి పండితులు కూడా, ఈ రూపాలు కట్టుబాట్ల నుంచి మనసును విడిపించటానికి పనికొస్తాయన్న పద్ధతిలోనే చదివారు.

ఎవరి మనసును? మడి ఉన్నవాడికే దాన్ని తెంపటం సాధన అవుతుంది. పొద్దున స్నానం చేసి, సంధ్య వార్చి, పవిత్రుడిగా తిరిగే మనిషి ఒక రాత్రి ఎంగిలి ముట్టుకుంటే అతని లోపల ఏదో కదులుతుంది. పటేల్ ఇంటి వెనక పెరట్లో మిగిలిన గట్క కోసం గిన్నె పట్టుకొని నిలబడ్డ ఆడమనిషికి అందులో సాధన ఏమున్నది? ఆమెకు అది పొద్దుటి బువ్వ. మనుస్మృతి పదో అధ్యాయం, శూద్ర సేవకుడికి ఎంగిలి అన్నం, పాత బట్టలు ఇవ్వాలని నియమం పెట్టింది. శాస్త్రం ఒక చేత్తో ఎంగిలిని కిందివాడి జీతం చేసింది. ఇంకో చేత్తో అదే ఎంగిలిని పైవాడి సిద్ధికి దారి చేసింది. రెండు చేతులూ ఒకే ఒంటివి.

కులార్ణవ తంత్రంలో ఒక నియమం ఉన్నది. భైరవీ చక్రంలో కూర్చున్నంతసేపు అన్ని వర్ణాలవాళ్లూ ద్విజులే. చక్రం ముగిశాక ఎవరి వర్ణం వాళ్లదే. దీన్ని చాలామంది మొదటి సగం వరకే చెప్పి ఆపేస్తారు. నాకు రెండో సగమే ముఖ్యం. కులాన్ని ఒక గంట పక్కన పెట్టటానికి అనుమతి ఇచ్చింది, ఆ గంట తర్వాత కులం చెక్కుచెదరకుండా ఉంటుందన్న భరోసాతోనే.

తాంత్రికుడు తన పూజను గోప్యం అంటాడు. ఆ గోప్యం ఎవరిని కాపాడుతుంది? లోపల చేసింది బయటపడితే పోయేది అతని కులం. కాబట్టి రహస్యం అతనికి రక్ష. మాదిగ ఆడమనిషిని దేవుని పేరు మీద ఇచ్చేటప్పుడు మాత్రం రహస్యం లేదు. డప్పు కొట్టి, ఊరందరినీ పిలిచి ఇస్తారు. ఆమె పోగొట్టుకునేది ఎవరికీ లెక్కలోకి రాదు కాబట్టి దాచవలసిన అవసరం కూడా రాలేదు.

మతంగుడికి దొరికిన వరం

మాతంగి పేరు వెనక మతంగుడు ఉన్నాడు. అతని కథ మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్తాడు. బ్రాహ్మణుడి కొడుకుగా పెరిగిన మతంగుడికి, అతను కొట్టిన గాడిదపిల్ల తల్లి పుట్టుక గుట్టు చెబుతుంది. బ్రాహ్మణ స్త్రీకి మంగలివాడి వల్ల పుట్టావు, నువ్వు చండాలుడివి అంటుంది. మతంగుడు బ్రాహ్మణత్వం కోసం ఏళ్ల తరబడి తపస్సు చేస్తాడు. ఇంద్రుడు మళ్లీ మళ్లీ వస్తాడు, ఇంకేదైనా అడుగు, అది మాత్రం దొరకదు అంటాడు. చివరికి మతంగుడు అలసిపోతాడు. అప్పుడు ఇంద్రుడు అతన్ని ఛందోదేవుణ్ణి చేస్తాడు. ఆడవాళ్లు నిన్ను పూజిస్తారు పో అంటాడు.

అడిగింది బ్రాహ్మణత్వం, దొరికింది దేవత్వం. మన చర్చకు ఇంతకంటే తేటగా చెప్పిన కథ ఇంకోటి లేదు. బ్రాహ్మణుడితో సమానంగా కూర్చోవటం కంటే దేవుడై గుడిలో కూర్చోవటం సులువు అని శాస్త్రమే ఒప్పుకున్నది.

ఇదే పేరుతో బౌద్ధుల దగ్గర ఇంకో కథ ఉన్నది. దివ్యావదానంలోని శార్దూలకర్ణావదానం. ఆనందుడు బావి దగ్గర ప్రకృతి అనే మాతంగ పిల్లను నీళ్లు అడుగుతాడు. నేను మాతంగ పిల్లను అని ఆమె వెనకాడితే, నేను నీ కులం అడగలేదు, నీళ్లు అడిగాను అంటాడు. ఆమె తల్లి మంత్రవిద్య తెలిసిన మనిషి. కూతురి కోసం ఆ విద్యతో ఆనందుణ్ణి ఇంటిదాకా రప్పిస్తుంది. బుద్ధుడు అతన్ని విడిపిస్తాడు. ప్రకృతి చివరికి భిక్షుణి అవుతుంది. మాతంగ పిల్ల సంఘంలోకి వచ్చిందని ఊరు అల్లరి చేస్తే బుద్ధుడు పూర్వజన్మ కథ చెప్తాడు. అందులో త్రిశంకు అనే మాతంగ రాజు తన కొడుకు శార్దూలకర్ణుడికి పుష్కరసారి అనే బ్రాహ్మణుడి కూతుర్ని అడుగుతాడు. బ్రాహ్మణుడు మండిపడతాడు. త్రిశంకు పుట్టుకతో కులం ఎట్లా వస్తుందని వాదించి గెలుస్తాడు. పిల్లను ఇస్తారు. టాగూర్ 1933లో రాసిన ‘చండాలిక’ నాటకం ప్రకృతి కథ మీద ఆధారపడ్డదే. కానీ అందులో త్రిశంకు వాదన లేదు.

ఈ కథలో విద్య తెలిసిన మనిషి మాతంగ స్త్రీ. తంత్రానికి వచ్చేసరికి ఆమే విద్య అయిపోయింది. ఆ విద్యను జపించేవాడు, సిద్ధి పొందేవాడు వేరొకడు. బౌద్ధ కథలో మాతంగుడికి వాదించే నోరు ఉన్నది, బ్రాహ్మణుడితో వియ్యం ఉన్నది. తంత్రంలో ఆమెకు మంత్రం ఉన్నది, మాట లేదు. వాక్కుకు అధిదేవత అన్నారు గాని ఆమె నోట కులం గురించి ఒక్క ప్రశ్న రానియ్యలేదు.

అంబేడ్కర్ ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’లో ఒక చిక్కుప్రశ్న వేశారు. ఆయన పోయాక 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రాతలను అచ్చువేసింది. బ్రాహ్మణులు దేవుళ్లను దించి దేవతలను ఎందుకు ఎక్కించారు అన్నది ఆ ప్రశ్న. దేవతకు ఆయుధం ఇచ్చిన సమాజం ఆడమనిషికి ఏమిచ్చింది అని మనం దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకపోవచ్చు.

ఊర్లో మాతంగి

ఊరి కథలోకి వస్తే, ఎల్లమ్మ కథ తెలియని తెలంగాణ పల్లె లేదు. బైండ్లోళ్లు జమిడిక మీద రాత్రంతా చెప్తారు. పరశురాముడు తల్లి రేణుకను నరకటానికి వెంటపడితే ఆమె మాదిగవాడలోకి ఉరికి ఒక మాతంగిని పట్టుకుంటుంది. అతను ఇద్దరి తలలూ తెగవేస్తాడు. తిరిగి బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. బ్రాహ్మణ స్త్రీ తల మాదిగ ఒంటి మీద, మాదిగ స్త్రీ తల బ్రాహ్మణ ఒంటి మీద పడుతుంది. ఈ కథకు చాలా అర్థాలు చెప్పారు. నాకు కనబడే అర్థం పని విభజనది. పేరు, మంత్రం, కీర్తి తలకు పోయినాయి. మొక్కు తీర్చే భారం ఒంటికి పడింది.

ఆ ఒళ్లు ఎట్లా పనిచేసిందో చూసి రాసినవాళ్లు ఉన్నారు. ఒంగోలు మిషన్‌కు చెందిన ఎమ్మా రోసెన్‌బుష్ క్లఫ్ 1899లో, థర్‌స్టన్ 1909లో, ఎల్మోర్ 1915లో మాదిగల మాతంగి గురించి రాశారు. దేవత పూనిన మాతంగి ఊర్లోకి వచ్చి, బ్రాహ్మణ, కోమటి, రెడ్డి అని చూడకుండా మీద ఉమ్మేది, తిట్టేది, పాటల్లో వాళ్ల గొప్పతనాన్ని తీసిపారేసేది. ఆమె ఉమ్మి పడితే మైల పోతుందని జనం అనుకునేవాళ్లు. తిరుపతి గంగమ్మ జాతరలో మాతంగి వేషం ఇప్పటికీ ఉన్నది. అక్కడ దేవత వేషాలు వేసే హక్కు కైకాల కుటుంబం మగవాళ్లది. మాతంగి ఉన్నది గాని మాదిగ స్త్రీ లేదు.

మన పరిశోధకులు ఈ ఉమ్మి దగ్గర ఆగిపోతారు. ఇదే ప్రతిఘటన అంటారు. ఒక్క రోజైనా అగ్రకులం మొహం మీద మాదిగ ఆడది ఉమ్మిందంటే అది చిన్న సంగతి కాదని నేనూ ఒప్పుకుంటాను. ఆ తిట్లలో ఉన్న కోపం నిజమైనది. కానీ ఆ రోజు దాటినాక ఆమె ఎక్కడ ఉంటది? మళ్లీ వాడలోనే. ఆమె ముట్టిన బావి మైలనే. ఇది కూడా భైరవీ చక్రమే. పుస్తకంలో చక్రం ముగిసినట్లే ఊర్లో జాతర ముగుస్తుంది. తిట్టించుకున్న దొర మైల కడుక్కొని ఇంటికి పోతాడు. ఆమె తిట్టిన తిట్టు కూడా అతని శుద్ధికే పనికొచ్చింది.

ఈ వ్యవస్థ మిగిలిన రోజుల్లో ఏం చేసిందో మా నిజామాబాద్ జిల్లాకు బాగా తెలుసు. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు దిక్కు మాతమ్మ. పేర్లు వేరు, పని ఒక్కటే. ఇంట్లో రోగం వచ్చిందనో, కొడుకు లేడనో, కరువొచ్చిందనో ఎదగని పిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇస్తారు. దేవుని పేర తాళి పడుతుంది. పెద్దమనిషి కాగానే ఆమె ఊరి పెద్దల సొత్తు. జాతరలో ఆమె శిగమూగాలె, పెద్దోళ్ల పీనుగు ముందర ఆడాలె. మిగిలిన రోజుల్లో వాళ్ల పొలంలోనే కూలి చేయాలె. మాతమ్మ అన్న పేరులో మాతంగి ఎంత దగ్గరగా వినబడుతుందో చూడండి.

దీన్ని వెనకబాటుతనం అని కొట్టేసేవాళ్లకు ఒక మాట. నిజామాబాద్ ఎండిపోయిన జిల్లా కాదు. 1931 నాటికే నిజాంసాగర్ పూర్తయింది. 1930ల చివర బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. వరి, చెరకు పండి ఊర్లు బలిసినాయి. 1980ల దాకా ఆ కాలువల కింది ఊర్లలోనే జోగినులు ఉన్నారు. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డది గాని, నడిచిన రోజుల్లో కూడా ఆ తీపి జోగిని ఇంటి గడప ఎక్కలేదు. నీళ్లు, ఫ్యాక్టరీ, రోడ్డు వస్తే దురాచారం దానంతటదే పోతుందన్నది అబద్ధం. భూమి ఎవరి చేతిలో ఉన్నదో ఒళ్లు వాళ్ల చేతిలోనే ఉన్నది.

1980లలో హేమలతా లవణం ‘సంస్కార్’ సంస్థ ద్వారా ఈ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. ఆమె గుర్రం జాషువా కూతురు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినాక కూడా జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్ రెండు తెలుగు ప్రాంతాల్లో కలిపి సుమారు 80 వేలమంది ఉన్నారని లెక్క చెప్పింది. అంతమంది మీద ఈ దేవత కూర్చున్నది.

నాతో చదువుకున్న ఒకడు జోగిని కొడుకు. ఫారం నింపేటప్పుడల్లా తండ్రి పేరు గడి దగ్గర వాడి పెన్ను ఆగేది. సారు అందరి ముందట అడిగేటోడు. వెనక బెంచీల్లోంచి నవ్వు వచ్చేది. వాడి తల్లిని జాతర నాడు ఊరంతా అమ్మా అని మొక్కేది. దేవత కొడుక్కు తండ్రి పేరు లేదు. ఆ పిల్లవాడు పదో తరగతి దాటలేదు.

మన వాదన ఎక్కడున్నది?

కంచ ఐలయ్య 1996లో ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’లో పోచమ్మ గురించి రాసిన మాట మనందరికీ బలాన్నిచ్చింది. పోచమ్మకు పూజారి అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, మన భాషలో మనమే మాట్లాడుకోవచ్చు అన్నారు. అది సరైన మాట. ఊరి దేవతలను శక్తి రూపాలుగా మార్చి, గుడి కట్టి, బ్రాహ్మణ పూజారిని పెట్టి ప్రతిష్ఠ చేయించే ధోరణిని ఎదిరించటానికి ఆ మాట కావాలి. కానీ పూజారి లేని పోచమ్మ ముందర కూడా పిల్లల మెడలో తాళి పడ్డది. మంత్రం లేనంత మాత్రాన పీడన లేదని కాదు. ఊరి దేవత మనదే అనేటప్పుడు ఊరి పెత్తనం ఎవరిదో కూడా చెప్పుకోవాలి.

మరి మాతంగిని ఏం చేయాలి అంటే నా దగ్గర ఒక దారి ఉన్నది. దేవత కోసం కాకుండా వాదన కోసం వెతుకుదాం. మన దగ్గర అది ఉన్నది కూడా. చిందు మాదిగలు ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో ఎదురెదురుగా నిలబడి, ఎవరు ముందు పుట్టారు, ఎవరిది పెద్ద కులం అని వాదిస్తాడు. బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా చిందు యక్షగానానికి పేరు తెచ్చిన కళాకారిణి. ఆ ఆటలో మాదిగ మనిషి మాట్లాడతాడు, ఎదుటివాడు జవాబు చెప్పక తప్పదు. త్రిశంకు బ్రాహ్మణుడిని నిలదీసింది కూడా ఇట్లానే. బౌద్ధ కథకు, చిందు ఆటకు నేరుగా సంబంధం ఉన్నదని నేను అనటం లేదు. రెండు చోట్లా మాతంగుడు పూజ అడగలేదు, జవాబు అడిగాడు. పరిశోధన ఈ దారిలో పోవాలి. విశ్వవిద్యాలయాల్లో మాతంగి ప్రతిమాలక్షణం మీద చేసే పనిలో సగమైనా జోగినుల భూమి మీద, కూలి మీద, వాళ్ల పిల్లల చదువు మీద జరగాలి.

టీచర్లకు ఒక మనవి. శ్యామలా దండకం పాఠం చెప్పేటప్పుడు మాతంగ కన్య అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగండి. ఆమె ఎవరి పిల్లనో క్లాసులో చెప్పండి. తండ్రి పేరు గడిని అందరి ముందట చదవకండి, తల్లి పేరుతోనే పిల్లవాణ్ణి రాసుకోండి. కార్యకర్తలకు ఒక మనవి. 1988 చట్టం కింద మీ మండలంలో ఎన్ని కేసులు పెట్టారో, ఎంతమంది జోగినులకు భూమి, పింఛను వచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. నవీపేట్ నుంచి బాసర పోయే తోవలో ఉన్న ప్రతి ఊర్లో ఆ లెక్క తీయొచ్చు. ఆ లెక్క బయటికి వచ్చిన తర్వాత మాతంగి మన దేవతనా కాదా అనే చర్చ తీరిగ్గా చేసుకుందాం.